సత్తెమ్మ మూడు జడలు

రిటైరై మూడు నెలలైంది. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే నాకు తోచదని మా అమ్మాయి నన్ను లైబ్రరీలో పుస్తకాల గుంపులో చేర్పించింది. నెలకో నవల చదివి పన్నెండుమంది ఆడవాళ్ళం గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవాలి. పోయిన నెల వంతు ఒక కొరియన్ నవలది, ఇంగ్లీషు అనువాదం. ఆకలికి ఊరొదిలి, దేశాలు దాటి, పరాయి ఇళ్ళలో ఊడిగం చేసే ఆడవాళ్ళ కథ. వాళ్ళలో దేవతలు పూనేవాళ్ళున్నారు. పూనకంలో ఎదుటివాళ్ళ ఇంట్లో జరిగేదంతా మొహం మీదే చెప్పేస్తారు.

నేను దాన్ని రెండుసార్లు చదివాను. మీటింగులో ఒకావిడ ఆ పూనకాలు "మ్యాజికల్"గా ఉన్నాయంది. ఇంకొకావిడ చదువుతుంటే యోగా చేసినంత హాయిగా ఉందంది. మూడో ఆవిడ, ఇలాంటి జ్ఞానాన్ని మన సమాజం పోగొట్టుకుంది కదా అని కుకీ కొరుకుతూ నిట్టూర్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పోగొట్టుకోలేదమ్మా, అది మీ ఊరికే వచ్చింది, ఇక్కడికి పది నిమిషాల దూరంలో నేను పనిచేసిన వార్డుకే వచ్చింది, మేం దాన్ని పట్టుకుని ఇంజెక్షన్ పొడిచాం అని చెప్దామనుకున్నాను. చెప్పలేదు. నోరు మూసుకోవడం నాకు పాత అలవాటు. ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

నేను మానసిక రోగుల వార్డులో నర్సుని. పాలకొల్లు దగ్గర పుట్టి, మిషన్ ఆస్పత్రిలో నర్సింగ్ నేర్చుకుని, 2001 నుంచి పద్నాలుగేళ్ళు ఉత్తర వర్జీనియాలో ఒక ఆస్పత్రిలో పనిచేశాను. మా తెలుగు చర్చిలో ఇప్పుడు నర్సింగ్ లైసెన్సు పరీక్షకి చదివే అమ్మాయిలు నలుగురున్నారు. ఆరాధన అయ్యాక "ఆంటీ, సైక్ వార్డులో జాబ్ ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. ఇన్నాళ్ళూ వాళ్ళకి షిఫ్టుల గురించి, పార్కింగ్ గురించి చెప్పి తప్పించుకున్నాను. ఇది వాళ్ళకోసం.

వార్డు, డోనా

ముందు పనేమిటో చెప్తాను. వార్డుకి రెండు తలుపులుంటాయి. ఒకటి మూసుకుంటేనే రెండోది తెరుచుకుంటుంది. లోపలికి వచ్చిన మనిషి బెల్టు, బూట్ల తాళ్ళు, గాజులు, పిన్నులు తీసి సంచిలో పెట్టి లిస్టు రాస్తాం. ప్రతి పావుగంటకీ ప్రతి మనిషి మొహం చూసి, ఊపిరి తీసుకుంటున్నాడో లేదో చూసి, కాగితం మీద గుర్తు పెడతాం. డాక్టరు రోజుకి ఏడెనిమిది నిమిషాలు చూస్తాడు. మిగతా రోజంతా నర్సే చూస్తుంది. డాక్టరు రాసేదంతా చాలావరకు నర్సు చెప్పిందే. ఈ సంగతి మీకు కాలేజీలో ఎవరూ చెప్పరు. అక్కడ మీ నోట్లోంచి వచ్చిన ఒక్క మాట ఒక మనిషి నెత్తిన ఏళ్ళ తరబడి కూర్చుంటుంది.

నాకు ఈ పని నేర్పింది డోనా, మా హెడ్ నర్సు. నల్లజాతి ఆవిడ, ఆరడుగుల మనిషి. మొదటి నెలలో నేను చార్టులో "పేషెంట్ కోపంగా ఉన్నాడు" అని రాస్తే కాగితం నా మొహం ముందు ఊపి, "కోపం నీకెలా కనిపించింది? ఏం చేశాడో అది రాయి" అని అందరి ముందూ కడిగేసింది. ఆ రోజు బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. తర్వాత తెలిసింది, ఆవిడంత నిజాయితీ గల బాసు నాకు మళ్ళీ దొరకలేదని.

నేను చేరిన రెండో ఏడు ఒక సిక్కు పెద్దాయన తలపాగా సెక్యూరిటీ పేరుతో విప్పించారు. ఆయన రెండురోజులు మెతుకు ముట్టలేదు. డోనా ఆ రోజు సెలవులో ఉంది. తిరిగొచ్చి గొడవ గొడవ చేసి, తనే వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని క్షమాపణ చెప్పింది. అప్పట్నుంచి వార్డులో ఒక ఆచారం పెట్టింది. ఎవరి ఒంటి మీద దారం కనిపించినా, జుట్టు వేరేగా కనిపించినా, ముట్టుకునే ముందు "ఇది మతానికి సంబంధించిందా?" అని అడగాలి. జవాబు అవునైతే దాని మీద చెయ్యి పడకూడదు.

ఆవిడ ప్రశ్న సరిగ్గానే అడిగింది. జవాబు చెప్పినదాన్ని నేను.

సత్తెమ్మ వచ్చింది

2006 అనుకుంటాను. జూలైలో ఒక శుక్రవారం పోలీసులు ఒకావిడని తీసుకొచ్చారు. యాభై దాటిన మనిషి. మొహానికి, చేతులకి పసుపు. తడిచీర. తలలో మూడు జడలు, నడుం కింది దాకా. దువ్వి అల్లినవి కావు, వాటంతట అవే గట్టిపడి తాళ్ళలా దిగినవి. పేరు సత్తెమ్మ, కరీంనగర్ వైపు పల్లె.

ఆమెతో పాటు ఆమె ఉన్న ఇంటి యజమాని వచ్చాడు. హెర్న్‌డన్‌లో పెద్ద ఇల్లు, మంచి ఉద్యోగం. పేరు రాయను. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"ఆంటీ, మీరు తెలుగా? హమ్మయ్య. ఈవిడ మా మిసెస్‌కి పిన్ని అవుతారు. విజిట్‌కి వచ్చారు. ఇండియాలోనే కొంచెం మెంటల్ ప్రాబ్లం ఉందంట, మాకు చెప్పకుండా పంపేశారు. పాస్‌పోర్ట్ మేం దాచేశామని ఒకటే గోల. కిడ్స్ భయపడిపోతున్నారు ఆంటీ."

అంతలో సత్తెమ్మ లేవబోయింది. "ఏయ్, కూర్చో" అన్నాడు అటు తిరక్కుండానే. పిన్నిని ఎవడూ అలా అనడు. ఆ ఒక్క మాటతో నాకు అర్థమైపోయింది, ఈమె చుట్టం కాదు, చుట్టమని చెప్పి తెచ్చుకున్న పనిమనిషి అని. వార్డు మొత్తంలో ఆ మాట అర్థమైనదాన్ని నేనొక్కదాన్నే. దాన్ని నేను ఎక్కడా రాయలేదు.

అతను వెళ్ళాక సత్తెమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నీది తెలుగేనా బిడ్డా? ఇగో, నాకు పిచ్చి లేదు. నేను శివసత్తిని. ఎల్లమ్మ తల్లి నా మీదికి వస్తది, చిన్నప్పటి సంది వస్తది. పద్నాలుగు నెల్లాయె ఈళ్ళింటికొచ్చి. గడప దాటనియ్యరు. పోత అంటే పాస్‌పోర్టు ఇయ్యరు. ఆషాఢమాయె, బోనమెత్తుత అంటే కొవ్వొత్తి గూడ ముట్టియ్యొద్దనిరి. తల్లి ఊకుంటదా?"

ఊరుకోలేదు. పొద్దున వంటింట్లో ఆమె నెత్తిన చెంబెడు నీళ్ళు పోసుకుని, పసుపు రాసుకుని ఊగడం మొదలుపెట్టింది. ఎల్లమ్మ వచ్చి యజమానిని నిలదీసింది. "నా బిడ్డ కాయితం ఏడ దాసినవ్ రా? ఇప్పుడే తెచ్చి దాని చేతుల వెట్టు" అంది. సత్తెమ్మ మామూలప్పుడు అతన్ని "సారూ" అని పిలుస్తుంది. దేవత వచ్చిందని అతనికి భయమెయ్యలేదు, పనిమనిషి "రా" అన్నందుకు ఒళ్ళు మండింది. పోలీసులకి ఫోన్ చేశాడు.

పోలీసులు చూసింది తడిచీరతో ఊగిపోతూ అరుస్తున్న ఆడమనిషిని. మూడు రోజులు ఆస్పత్రిలో ఉంచాలని ఆర్డరు వచ్చింది. సోమవారం డాక్టరు చూసి చెప్పాలి, పిచ్చా కాదా అని. ఆమె బతుకంతా ఆ జవాబు మీద ఆధారపడి ఉంది. పిచ్చి కాదంటే ఆమె చెప్పే పాస్‌పోర్టు మాట ఒక ఫిర్యాదు. సోషల్ వర్కరు వింటుంది, పోలీసులు వింటారు, ఆమె తన కాగితం తన చేతిలో పెట్టుకుని ఇంటికి పోతుంది. పిచ్చి అంటే అదే మాట ఒక రోగలక్షణం. ఆమె ఎంత గట్టిగా చెప్తే అంత మందు పెంచుతారు.

ప్రశ్న

శనివారం పొద్దున ఆమె మళ్ళీ ఊగింది. ఇద్దరు గార్డులు పట్టుకున్నారు, ఇంజెక్షన్ ఇచ్చారు. మధ్యాహ్నానికి కళ్ళు సగం మూసి మంచం మీద కూర్చుని ఉంది. డోనా, నేను, ఒక కుర్ర డాక్టరు, ఇంకో ఇద్దరు నర్సులు ఆ గదిలో ఉన్నాం. ఒక నర్సు జడలు చూసి మొహం చిట్లించి, పేలుంటాయేమో, ఎన్నేళ్ళయిందో దువ్వి అంది. డోనా ఆమె వైపు చూసి, జడల వైపు వేలు చూపించి నన్నడిగింది.

"రూత్, ఇది మతానికి సంబంధించిందా?"

నాకు తెలుసు. పుస్తకంలో చదివి కాదు, మా ఇంట్లో చూసి తెలుసు. మా అమ్మమ్మకి జడలుండేవి. గంగానమ్మ పూనేది. బాప్తిస్మం తీసుకున్న రోజున మిషన్ దొరసాని కత్తెర తెచ్చి ఆ జడలు కోసింది. మా అమ్మ ఆ కథని ప్రతి క్రిస్మస్‌కీ సాక్ష్యంలా చెప్పేది, ఆ రోజుతో మన ఇంటి చీకటి పోయింది అని. అమ్మమ్మ మాత్రం ఆ తర్వాత చచ్చిపోయేదాకా తలమీద కొంగు తియ్యలేదు. నిద్రలో కూడా. ఆ సంగతి సాక్ష్యంలో ఉండేది కాదు.

గదిలో నలుగురు నా మొహం చూస్తున్నారు. అవును అంటే తర్వాతి ప్రశ్న వస్తుంది. ఏ మతం? ఏం చేస్తారు? మీ ఊళ్ళోనూ ఉందా? మీ ఇంట్లో? ఐదేళ్ళు కష్టపడి నేను వాళ్ళలో ఒక మామూలు నర్సునయ్యాను. ఈ తడిచీర మనిషితో కలిపి నన్ను చూడబోతున్నారు అనిపించింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారే, ఆ భయం. తల అడ్డంగా ఊపాను.

"కాదు. దువ్వుకోకపోతే అలా అవుతుంది. అంతే."

డోనా ఇంకోసారి అడిగింది, ఖాయమేనా అని. ఖాయమే అన్నాను. అయితే పేల భయానికి కోసెయ్యాలని తేల్చారు.

తెలియక చేసిన తప్పులు నేను చాలా చేశాను. మందు ఒక గంట ఆలస్యంగా ఇచ్చాను, ఒకసారి తలుపు సరిగ్గా మూయలేదు. వాటికి తిట్లు తిన్నాను, మర్చిపోయాను. ఇది తెలిసి చేశాను. ఆ వార్డులో ఏ అమెరికన్ నర్సయినా తెలీదు అని ఊరుకునేది, జడలు మిగిలేవి. తెలిసినదాన్ని కాబట్టే నేను వాటిని పోగొట్టగలిగాను.

సత్తెమ్మ సమ్మతి నేనే అడిగాను, తెలుగులో. "జుట్టు కొంచెం బాగుచేస్తామమ్మా" అన్నాను. కోస్తాం అనలేదు. మందు మత్తులో తలూపింది. డోనా నన్ను నమ్మి సంతకం పెట్టింది.

కోసింది కూడా నేనే. కింద శుభ్రమైన తువ్వాలు పరిచాను, నేలమీద పడకుండా. ఎందుకు పరిచావని ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడుక్కోలేదు. కత్తెరకి లొంగలేదు, మెషిన్ పెట్టాల్సి వచ్చింది. పేలు లేవు. ఒక్కటి కూడా లేదు. పసుపు వాసన వచ్చింది. మూడోది తెగుతుంటే సత్తెమ్మ కళ్ళు పూర్తిగా తెరిచి, తువ్వాలు వంక చూసి, నా వంక చూసింది. 

సోమవారం

సోమవారం డాక్టరు వచ్చాడు. మంచివాడే, తొందర మనిషి. తెలుగు దుబాసీ ఫోన్లో దొరకలేదు, మళ్ళీ నన్నే కూర్చోబెట్టారు. ఆస్పత్రి రూల్ ప్రకారం నర్సు దుబాసీ పని చెయ్యకూడదు. అందరికీ తెలిసిన రూల్, అందరూ తప్పే రూల్.

"పాస్‌పోర్టు ఎవరైనా దాచారా?" అని అడిగాడు. తెలుగులో అడిగాను. శుక్రవారం నా చెయ్యి పట్టుకుని చెప్పిన మనిషి, ఇప్పుడు గోడ వంక చూస్తూ, "నాకేం తెల్వది" అంది. దేవత వస్తుందా అంటే "రాదు" అంది. ఇంటికి పోతావా అంటే "ఏడికన్న పోత" అంది. డాక్టరుకి సంతోషం వేసింది. మందు పనిచేసింది, చెవిలో గొంతులు వినిపించడం ఆగింది, యజమానుల మీద అనుమానం తగ్గింది అని రాసుకున్నాడు. జుట్టు సంగతి కూడా రాశాడు, ఒంటి శుభ్రత లేని స్థితిలో వచ్చింది, ఇప్పుడు మెరుగైంది అని.

అప్పుడైనా చెప్పొచ్చు. సార్, ఈమెకి మందు పనిచెయ్యలేదు, నేనీమె జడలు కోశాను కాబట్టి మాట్లాడడం మానేసింది, శుక్రవారం నాతో ఇలా చెప్పింది అని. రెండు వాక్యాలు. సోషల్ వర్కరు పక్క గదిలోనే ఉంది. కానీ పాస్‌పోర్టు మాట నిజమంటే దేవత మాటా చెప్పాలి, దేవత మాట చెప్తే జడల మాట చెప్పాలి, జడల మాట చెప్తే డోనా కళ్ళల్లోకి చూడాలి. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

మంగళవారం ఆమెని ఆ ఇంటికే పంపించారు. వారంలో యజమాని టికెట్ కొని ఆమెని ఇండియా విమానం ఎక్కించేశాడట. పాస్‌పోర్టు అతని దగ్గరే ఉందని దానితోనే తేలిపోయింది, కానీ అప్పటికి అడిగేవాళ్ళెవరు? వార్డుకి పెద్ద స్వీట్ బాక్స్ తెచ్చాడు. "థాంక్స్ ఆంటీ, మీరు లేకపోతే చాలా కాంప్లికేట్ అయ్యేది" అన్నాడు. ఆ బాక్స్ తీసుకుని బ్రేక్ రూంలో పెట్టాను. అందరం తిన్నాం. నేనూ తిన్నాను. ఇది తల్చుకుంటే అతని మీద కంటే నా మీద నాకు ఎక్కువ అసహ్యం వేస్తుంది.

గుండు తలతో ఊరికి తిరిగెళ్ళిన శివసత్తిని ఎల్లమ్మ గుడి దగ్గరకి రానిచ్చారో లేదో నాకు తెలీదు. ఆమె నోటి మాట కోసం ఎదురుచూసే ఊరు ఆమెనేమందో తెలీదు. తెలుసుకునే ప్రయత్నం చెయ్యలేదు.

యంగ్‌సుక్, నవల

ఆ కొరియన్ నవల చదివాక, మా వార్డులో నాతో పదేళ్ళు పనిచేసిన యంగ్‌సుక్‌కి ఫోన్ చేశాను. వాళ్ళాయన కొరియన్ చర్చిలో పెద్ద. ఆ పుస్తకం గురించి నువ్వేమంటావ్ అని అడిగాను. పుస్తకం మాట వదిలేసి చెప్పింది, వాళ్ళ మేనత్త కూడా దేవతలు పూనే మనిషేనట. చర్చిలో ఎవరికీ తెలీదట. ఒకసారి వార్డులో ఒక కొరియన్ ముసలామె గడప మీద ఉప్పు చల్లితే, అది కీడు పోవడానికి చల్లే ఉప్పని తెలిసి కూడా, "స్టాఫ్ మీద వస్తువులు విసిరింది" అని చార్టులో రాసిందట.

పదేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తిన్నాం. ఇద్దరికీ తెలుసు, ఇద్దరం చెప్పుకోలేదు. నవల రాసినవాళ్ళని మెచ్చుకుంటాం, అవార్డులిస్తాం, లైబ్రరీలో కుకీలు పెడతాం. ఆ నవలలోని మనిషి నిజంగా వార్డులోకి వస్తే మాత్రం ఇద్దరు గార్డులు, ఒక సూది. ఆ సూదికి దారి చూపించేది కూడా తెల్లవాళ్ళు కాదు, మనమే.

అమ్మాయిలూ, ఎల్లమ్మ నిజంగా పూనుతుందా ఆంటీ అని నన్నడగొద్దు. నేను ప్రభువుని నమ్ముకున్నదాన్ని, ఇప్పటికీ అంతే. ఆ రోజు నన్నడిగిన ప్రశ్న అది కాదు. ఆ జడలు ఆమెకి పవిత్రమా కాదా అన్నది ప్రశ్న. మీ నమ్మకం మీ దగ్గర ఉంచుకుని, అడిగినదానికి జవాబు చెప్పండి. మీకు భాష వచ్చు కదా అని దుబాసీగా కూర్చోమంటే ఫోన్ తెప్పించమని మొండికెయ్యండి, ఉద్యోగం పోదు. "మనవాళ్ళు" అంటూ మీ దగ్గరికి వచ్చి నవ్వేవాడిని ముందు అనుమానించండి. వాడు మీ సాయం అడగడం లేదు, మీ మౌనం అడుగుతున్నాడు. నేను పైసా తీసుకోకుండా ఇచ్చేశాను.

మంగళవారం గురించి ఇంకొంచెం

డిశ్చార్జి సంగతి ఒక్క మాటలో దాటేశాను. అదీ రాస్తాను.

పేషెంటు వెళ్ళేటప్పుడు సంచిలోని వస్తువులన్నీ లిస్టు చూసి అప్పగించాలి. సత్తెమ్మ సంచిలో చీర, చెప్పులు, గాజులు, చిన్న పసుపు డబ్బా ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి ఇచ్చాను. లిస్టు మీద వేలిముద్ర వెయ్యకుండా సంచిలోకి చూస్తూ కూర్చుంది.

"నా జడలేవి బిడ్డా?"

ఆస్పత్రిలో కోసిన జుట్టు చెత్తలోకి పోతుంది. తువ్వాలుతో సహా మూటకట్టి నేనే వేశాను.

"లేవమ్మా" అన్నాను.

"గంగల కలపాలె అవి."

లిస్టు ఆమె ముందుకు జరిపాను. ఆమె వేలిముద్ర వేసి, చీర కట్టుకుంది. రెండు తలుపులూ దాటించి, లిఫ్టులో కిందికి తీసుకెళ్ళాను. అద్దాల తలుపు బయట యజమాని కారు ఆగి ఉంది. అక్కడ ఆగి, తల మీద కొంగు సర్దుకుని నన్నడిగింది.

"తువ్వాల పరిచినవ్, కింద పడనియ్యలె. మీ ఇంట్ల ఎవలికుండె జడలు?"

ఎవరూ లేరక్కడ. డోనా లేదు, డాక్టరు లేడు.

"మా అమ్మమ్మకి" అన్నాను.

సత్తెమ్మ కోప్పడలేదు. 

"గా పెద్ద నర్సమ్మ నా జడలు జూపిచ్చి అడిగితె అడ్డం తల ఊపితివి. గిప్పుడు నాకు జెప్తున్నవా?"

అంది. వెళ్ళి కారెక్కింది.